పదకొండు సెకన్ల పుష్పమ్మ

పాట మొత్తం నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. అందులో పుష్పమ్మ ఏడుపు పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లనే వరహాలబాబు పాటలో నాలుగు చోట్ల అతికించాడు.

"ఇంకొక్కసారి పెట్టు బాబూ," అన్నాడు విజయేందర్. డ్రమ్ముల వెనక స్టూలు మీద కూర్చుని, కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

వరహాలబాబు మళ్ళీ పెట్టాడు. ముందు మధుసూదన్ గిటార్ వస్తుంది, తర్వాత అతని గొంతు. ఆ గొంతు ఆగిన చోట ఎక్కడో పక్క ఇంట్లోంచి వచ్చినట్టు ఒక ఆడమనిషి 'ఓ...' అని రాగం తీస్తుంది. మాటలేమీ ఉండవు. రాగం పైకి పోయి, అక్కడ విరిగి, మెల్లగా కిందికి దిగుతుంది. అది దిగే చోట డ్రమ్ములు అందుకుంటాయి.

"చూడు, ఎంటికలెట్ల లేసి నిలవడ్డయో," విజయేందర్ చెయ్యి చాపి చూపించాడు. "పన్నెండేండ్లల్ల గిసొంటి పాట చెయ్యలే భై మనం. మధూ, నువ్వేమంటవ్?"

మధుసూదన్ కిటికీ దగ్గర నిలబడి వైరు చుడుతున్నాడు. ఒక చుట్టు లోపలికి, ఒక చుట్టు బయటికి. అలా చుట్టకపోతే వైరు మెలిపడి లోపల తీగ తెగుతుంది.

"బాగుంది," అన్నాడు.

తండ్రి పోయి నలభై రోజులైంది. అప్పటినుంచి దేన్ని గురించి అడిగినా అతను బాగుందనే అంటున్నాడు. అన్నం బాగుంది. వారం సెలవిచ్చిన ఆఫీసు మేనేజరు బాగున్నాడు. కన్నతల్లి పుష్పమ్మ మొగుడి శవం మీద పడి ఏడ్చిన ఏడుపు కూడా బాగుంది. ఎక్కడో ఏదో ఊడిపోయిందని అతనికి తెలుసు. అది ఎక్కడని వెతకాలన్న కోరిక కూడా దానితోపాటే ఊడిపోయింది.

వాళ్ళ బ్యాండు పేరు 'సెకండ్ షిఫ్ట్'. ఆ పేరుకి కారకుడు మధుసూదన్ తండ్రే. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకు సెకండ్ షిఫ్టు పడిన వారాల్లోనే ఈ ముగ్గురికీ కార్ఖానా బస్తీలో ఆయన ఇంటి మీది ఈ మేడగదిలో దరువేసుకునే వీలుండేది. అలా మొదలైనవాళ్ళు మూడు ఆల్బమ్‌లు చేశారు, మూడూ ఇంగ్లీషులోనే. కాలేజీ పండగల్లో వాయించారు. ఈ మధ్య సాఫ్ట్‌వేర్ కంపెనీల వార్షికోత్సవాల్లో, బఫే బల్లల పక్కన కూడా వాయించారు. మూడో ఆల్బమ్‌ను మద్రాసులో ఖరీదైన స్టూడియోలో చేస్తే, ఏ ఊరివాళ్ళో తెలియకుండా ఉందని పత్రికలో ఒకాయన రాశాడు. ఆ మాట ముగ్గురికీ ముల్లులా గుచ్చుకుంది. నాలుగోదానికి మూలాల్లోకి వెళ్ళాలనుకున్నారు. మూలాలంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు కనక, ముందు పాత గదికి వచ్చేశారు. గోడలకి అంటించిన గుడ్ల అట్టలు ఇంకా అలాగే ఉన్నాయి.

వరహాలబాబు చిన్న రికార్డరు జేబులో వేసుకుని ఊరంతా తిరిగాడు. రెజిమెంటల్ బజార్లో గిన్నెల మీద పేర్లు కొట్టే చప్పుడు, బొల్లారం రైల్వే గేటు పడేటప్పటి గంట, ఇలాంటివన్నీ పట్టాడు. మధుసూదన్ తండ్రి పోయారని ఫోనొచ్చిన పొద్దున కూడా అది అతని జేబులోనే ఉంది. దాన్ని ఆపడం మర్చిపోయాడో, నొక్కడం గుర్తుపెట్టుకున్నాడో అతనింతవరకూ చెప్పలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం బెంగుళూరు నుంచి ఆడియో కంపెనీ మనిషి రామ్మోహనరావు ఫోన్ చేశాడు. పాట విన్నాడట. ఈ ఒక్క పాట మీదే మొత్తం ఆల్బమ్ నిలబడుతుందన్నాడు. శనివారానికి అన్నీ పంపేయమన్నాడు. ఆఖర్న, ఏదో చిన్న విషయం అన్నట్టు, ఆ ఏడుపు ఎవరిదైతే వాళ్ళ సంతకం కావాలని, కాగితం ఫాక్స్‌లో పంపుతున్నానని చెప్పాడు.

"సంతకం ఎందుకు? జానపదమని రాసేద్దం," అన్నాడు విజయేందర్. "ఎవ్వలిది కాదు, అందరిది."

"ఎవరిదీ కాకపోవడమేటి?" అన్నాడు వరహాలబాబు. అనకాపల్లి నుంచి వచ్చి పదిహేనేళ్ళయినా అతని యాస చెక్కుచెదరలేదు. "ఆవిడ కింద పప్పు వేపుతోంది. వాసన రావడం లేదేటి నీకు?"

కందిపప్పు వేగుతున్న వాసన నిజంగానే మెట్ల మీంచి వస్తోంది.

"నేనడుగుత," అన్నాడు మధుసూదన్.

*

అడగడానికి బుధవారం రెండుసార్లు కిందికి దిగాడు. ఒకసారి మంచినీళ్ళు తాగి పైకొచ్చాడు. రెండోసారి గ్యాసు సిలిండరు మార్చి వచ్చాడు. కాగితం నాలుగు మడతలై చొక్కా జేబులో ఉంది. భయమా అంటే భయం కాదు. ఆమె కాదంటుందేమోనని దిగులు కూడా లేదు. అమ్మా, ఆ రోజు నువ్వు ఏడ్చావు కదా అని వాక్యం మొదలుపెట్టాలి. ఆ రోజు తను ఏం చేశాడన్న వాక్యం దాని వెనకే వస్తుంది. అంతే.

గురువారం పొద్దున పుష్పమ్మ వరండాలో గోనెపట్టా పరుచుకుని చింతపండు ముందేసుకుంది. ఏడాదికి సరిపడా పండు. బండమీద పెట్టి చిన్న రోకలితో ఒక్క దెబ్బ వేస్తుంది, పండు విచ్చుకుంటుంది. బొటనవేలితో గింజ తోసేస్తుంది. ఈనె పట్టి ఒక్క గుంజు గుంజితే పొడుగునా ఊడొస్తుంది. గింజలు ఒక గిన్నెలో, ఈనెలు ఒక చాటలో, పండు బుట్టలో. మధుసూదన్ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని తనూ ఒక కాయ తీసుకున్నాడు.

"ఏందో చెప్పు," అందామె తల ఎత్తకుండానే. "నిన్నటిసంది మెట్లు దిగుతున్నవ్, ఎక్కుతున్నవ్."

"ఏం లేదు."

"ఏం లేకుంటె గింజలన్న మంచిగ తియ్యి. పండంత గింజకే పోతున్నది."

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. చంకకింద కర్ర పెట్టుకుని ఎల్లమ్మ దిగింది. మధుసూదన్‌కి మేనత్త, తండ్రికి అక్క. ఆమె కాలు విరిగి మంచంలో ఉండగా తమ్ముడు పోయాడు. ఆఖరిచూపు దక్కలేదు. కర్ర సాయంతో నడవగలిగిన మొదటి వారమే బయలుదేరి వచ్చింది.

ఆటోవాడికి డబ్బులిచ్చేదాకా ఆమె మామూలుగానే ఉంది. గేటు గడియ తీసి లోపల కాలు పెట్టగానే గొంతెత్తింది.

"ఓ తమ్మీ... నేనొచ్చిన్ర తమ్మీ... ఎదురొస్తలేవేందిర తమ్మీ..."

పుష్పమ్మ రోకలి పక్కన పెట్టి లేచింది. చేతులనిండా చింతపండు గుజ్జు. చేతులు చీరకి తగలకుండా దూరంగా పట్టుకుని, మోచేతులతోనే ఆడబిడ్డను కావలించుకుంది.

"యాడున్నడు వదినె... నీ తమ్ముడు డ్యూటికి పోయిండు వదినె... టిఫినుడబ్బ ఈడ్నే మర్శిపోయిండు వదినె..."

"నా కాలిరిగినప్పుడు పండ్లు తెచ్చినవ్ తమ్మీ... మల్లొస్తనన్నవ్ తమ్మీ..."

మధుసూదన్ పీట మీంచి లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని చెవులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒకరి మాట చివర ఊపిరి అందనిచోట రెండోవాళ్ళు ఎత్తుకుంటున్నారు. ఒక్కసారీ ఒకరిమీద ఒకరు పడలేదు. పన్నెండేళ్ళు కలిసి వాయించిన తాము ముగ్గురూ కళ్ళతో సైగలు చేసుకుంటే గాని అలా అందుకోలేరు. అతనికి ఇది తోచింది. దుఃఖం మాత్రం తోచలేదు. సిగ్గుపడాలని అనుకున్నాడు, అది కూడా రాలేదు.

పావుగంట నడిచింది. ఎల్లమ్మ గొంతు తగ్గించింది, పుష్పమ్మా తగ్గించింది. ఎల్లమ్మ కొంగుతో, పుష్పమ్మ భుజంతో ముక్కులు తుడుచుకున్నారు.

"ఛాయ్ పెట్టనా వదినె?"

"పెట్టు. చక్కెర తక్కువెయ్యి, షుగరని చెప్పిండు డాక్టరు."

పుష్పమ్మ చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తెచ్చి గడపమీద చిలకరించి లోపలికి పోయింది. ఎల్లమ్మ మేనల్లుడి వైపు తిరిగి అతని చెంప మీద చెయ్యి వేసింది. చెయ్యి గరుగ్గా ఉంది.

"నువ్వు ఏడ్వలేదంట గదరా. చుట్టపోళ్ళంత అనుకుంటున్నరు."

"పనుండె అత్తమ్మా. అంబులెన్సు, సర్టిఫికెట్, కట్టెలు..."

"పనులు వేరేటోళ్ళన్న చేస్తరు బిడ్డా," అంది ఎల్లమ్మ. ఆ మాటలో కోపం లేదు. అతను సరేనన్నట్టు తలాడించాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది.

*

శుక్రవారం సాయంత్రం నాలుగింటికే విజయేందర్ హైటెక్ సిటీ నుంచి వచ్చేశాడు. మెడలో ఆఫీసు బిళ్ళ ఇంకా వేలాడుతూనే ఉంది. మెట్లెక్కుతూనే సంచిలోంచి కాగితం తీసి కీబోర్డు మీద పెట్టాడు.

"పరేషాన్ ఖతం," అన్నాడు. "ఇంకో కాపీ తెప్పించిన."

కింద గీత మీద, నీలం సిరాతో 'పుష్పమ్మ' అని రాసి ఉంది. అక్షరాలు కావాలనే వంకర పోయినట్టున్నాయి.

"ఎవలు చేసిన్రు?" అన్నాడు మధుసూదన్.

"నేనే. మీ అమ్మ సంతకం గిట్లనే ఉంటది గద? చూడు మధూ, నువ్వు నాలుగు దినాలసంది అడుగుతలేవు. అడుగుతవని నమ్మకం లేదు. పొద్దున రామ్మోహనరావు మల్ల ఫోన్ చేసిండు. గీ పాట లేకుంటె ఆల్బమే వద్దంటడేమో. నాకు ముప్పై ఏడేండ్లు. ఇంకోటి చేస్తమా, చెయ్యమా దేవునికెరుక. మీ అమ్మకు అన్యాలం చేస్తున్ననా నేను? పేరేస్తం, పైసలిస్తం."

వరహాలబాబు కుర్చీ వెనక్కి జరిపి, చేతులు రెండూ తొడలమీద పెట్టుకుని కూర్చున్నాడు. అంతా మొదలైంది తన జేబులోంచే అన్న సంగతి అతని ముఖం మీద రాసి ఉంది.

మధుసూదన్ కాగితం తీసుకుని చూశాడు. తల్లి పింఛను కాగితాల మీద అతనే దగ్గరుండి సంతకం పెట్టించాడు, పోయిన నెలలోనే. ఆమె రాత గుండ్రంగా, ఒత్తులు ముత్యాల్లా ఉంటుంది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. చదువురాని ముసలిది వంకర టింకరగా గీకుతుందనుకున్నాడు విజయేందర్. పన్నెండేళ్ళు ఈ ఇంట్లో ఆమె చేతి అన్నం తిన్నవాడు.

కోపం రావలసిన చోటు అదే. కోపం రాలేదు గాని, కాళ్ళు మాత్రం కదిలాయి. తలుపు తీసి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కసారి పైకి రా."

పుష్పమ్మ ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు. ఛాయ్ కప్పులు గుమ్మం బయట పెట్టి తలుపు కొట్టి పోయేది. ఇప్పుడు కూడా గుమ్మంలో ఆగి, నేలమీది వైర్లు చూసి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఒక్కో వైరూ దాటుకుంటూ వచ్చింది. వరహాలబాబు లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"కూర్చోండి పిన్నిగారూ."

మధుసూదన్ విషయమంతా చెప్పాడు. అనుకున్నంత కష్టం కాలేదు. రికార్డరు సంగతి చెప్పాడు, పాట సంగతి చెప్పాడు, దొంగ సంతకం కూడా చూపించాడు. ఆమె దాన్ని చూసి విజయేందర్ వైపు ఒక్క చూపు చూసింది. అతను డ్రమ్ము మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

"వినిపియ్యి," అంది.

వరహాలబాబు ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు. కొప్పు అడ్డొచ్చి ఒక పక్కకి జారిపోతే చేత్తో అదిమి పట్టుకుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు ఆమె కదలలేదు. బియ్యం కొట్లో గింజ నోట్లో వేసుకుని కొత్తవో పాతవో తేల్చేటప్పటి ముఖం పెట్టుకుని వింది.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏందిరా, నాలుగుసార్లు ఒక్కతీర్గనే ఏడ్సిన్నా నేను? గట్ల ఎవలన్న ఏడుస్తరా?"

విజయేందర్ ఇంకా డ్రమ్మే తుడుస్తున్నాడు.

"మిగిలిందేది? గింతేనా ఏడ్సింది నేను? మాటలన్ని ఏం చేసిన్రు?"

"ఉన్నాయండి," అన్నాడు వరహాలబాబు. మధుసూదన్ వైపు చూశాడు. "నలభై నిమిషాలుంది. నేనే... నీకు వినిపించలేదు మధూ. ఈ ముక్కొక్కటే కోసి ఇచ్చాను."

"పెట్టు. వాడు సుత వింటడు," అంది పుష్పమ్మ.

వరహాలబాబు హెడ్‌ఫోన్ల వైరు పీకేశాడు. పెద్ద స్పీకర్లలో నలభై రోజుల కిందటి పొద్దున మొదలైంది. కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో నీళ్ళడుగుతున్నారు, దూరంగా ఫోన్లో మధుసూదన్ గొంతే, కట్టెల బండి ఎంతసేపట్లో వస్తుందని. వీటన్నిటి మధ్యనుంచి పుష్పమ్మ 'ఓ...' అని ఎత్తుకుంది. అందరికీ తెలిసిన ఆ పదకొండు సెకన్లు గడిచాయి. కోత పడిన చోటు దాటి గొంతు ముందుకు పోయింది.

"లే... లేసి సూడు... నీ కొడుకు గేటుకాడ నిలవడ్డడు... కొడుకు ఏడుస్తలేడని నారాజు గాకు... ఇంగ్లీషుల పాడ నేర్సిండు గని ఏడ్వ నేర్వలే వాడు... నేను నేర్పలే... వాని వంతు సుత నేనే ఏడుస్తున్న... రెండు కలుపుకోని తీస్కపో..."

వరహాలబాబు ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు.

మధుసూదన్ కంప్యూటరు తెర వైపు చూస్తున్నాడు. తల్లి గొంతు ఆకుపచ్చ గీతగా ఆగిపోయి ఉంది. అతని ఒంట్లో ఏదో కదిలిందని చెప్పడానికి లేదు.

"ఇవి ఎన్ని చేస్తరు?" పుష్పమ్మ అడిగింది.

"సీడీలా? ముందుగాల ఐదు వేలు, అమ్మా," విజయేందర్ చెప్పాడు, కొంచెం ఆశగా.

"ఐదు వేల ఇండ్లు." ఆమె వేళ్ళు హెడ్‌ఫోన్ల వైరుని సర్దుతున్నాయి. "ఎవలింట్ల ఏమున్నదో నీకెర్కనా? ఒక ఇంట్ల బాలింత ఉంటది. ఒకలింట్ల పెండ్లి పందిరుంటది. ఇంకోలింట్ల ముసలాయన ఇయ్యాలో రేపో అని మంచంల ఉంటడు. పొద్దుగాల్నే ఆడ నా ఏడుపు పెడ్తరా? పీనుగ లేని ఇంట్ల ఏడ్వద్దురా. గంత తెల్వదా మీకు?"

"గిప్పుడు గివన్ని ఎవలు నమ్ముతరమ్మా..."

"నువ్వు నమ్మకు బిడ్డా. ఏడ్సింది నేను గద. ఆ పాపం నాకు తగుల్తది." ఆమె లేచింది. "తీసెయ్యి. మొత్తం తీసెయ్యి."

"మధూ," అన్నాడు విజయేందర్. "మధూ, ఒక్క నిమిషం ఆలోచించు. దిల్ పెట్టి చేసినం భై."

అతని బాధ నిజమైనదే. దొంగ సంతకం పెట్టినవాడి బాధ కూడా బాధే. మధుసూదన్‌కి అది తెలుస్తూనే ఉంది. అయినా మధుసూదనే వరహాలబాబు పక్కనుంచి వంగి మౌసు పట్టుకున్నాడు. ముందు పాటలోని నాలుగు ముక్కలు, తర్వాత కంప్యూటర్లో దాచిన నలభై నిమిషాలు. నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటరు అడిగింది. అవునన్నాడు. వరహాలబాబు జేబులోంచి రికార్డరు తీసి, అందులో ఉన్నది కూడా తుడిచి, తుడిచినట్టు ఆమెకి చూపించాడు.

పుష్పమ్మ మళ్ళీ ఒక్కో వైరూ దాటుకుంటూ మెట్లు దిగిపోయింది. విజయేందర్ కర్రలు సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మోటారుసైకిలు మొదటి కిక్కుకే స్టార్టయింది.

*

శనివారం పొద్దున్నే, ఆ పాట తీసేసి మిగిలిన తొమ్మిది పాటల డిస్కుని వరహాలబాబు కొరియర్లో వేసి వచ్చాడు. రామ్మోహనరావు ఫోన్లో సంగతంతా విన్నాడు. తర్వాత, చూద్దాంలెండి అన్నాడు. కంపెనీ మనుషుల చూద్దాంలెండికి అర్థమేమిటో పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. విజయేందర్ ఫోన్ ఎత్తలేదు.

మధ్యాహ్నం మధుసూదన్ వంటింట్లో నేలమీదే కూర్చుని అన్నం తింటున్నాడు. ఎల్లమ్మ ముందుగదిలో కాలు చాపుకుని నిద్రపోతోంది. పుష్పమ్మ అతని కంచంలో పప్పు వేసింది, కొత్త చింతపండుతో చేసింది.

"ఎట్లున్నది?"

"బాగుంది," అని, ఆగాడు. "జెర పులుపెక్కువైంది."

"ఐతది. కొత్త పండు." ఆమె తనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక అంది: "మరి నిన్న తుడిచిపెట్టినవ్ గదరా."

"నువ్వే గద తుడువమన్నవ్."

"అన్న. అండ్ల నీ వంతు సుత ఉండె. అది సుత పోయింది." ఆమె మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది. "మల్ల నేనైతే ఏడ్వ. నాకు దమ్ము లేదు. నీది నువ్వే చూస్కో."

తమాషాకంటోందేమోనని మధుసూదన్ ఆమె ముఖం చూశాడు. తమాషా కాదు. కూరగాయలకి నువ్వే వెళ్ళు అన్నంత మామూలుగా ఉంది.

"ఇంట్ల ఏడ్వొద్దంటివి గద."

"వేరేటోళ్ళ ఇండ్లల్ల ఏడ్వొద్దన్న. ఈ ఇంట్ల ఏడాది దాక తప్పు లేదు."

అతను అన్నం కలిపాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు. ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాడు, ఏ పాట ఏ శృతిలో ఎత్తుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

"ఎట్ల షురూ చెయ్యాలె?" అన్నాడు.

"ముందుగాల పిలువాలె."

"పిలిస్తె?"

"పిలిస్తెనే గద, రాడని తెలిసేది."

మధుసూదన్ చెయ్యి కంచంలోనే ఉంచి, తండ్రి మంచం ఉండే లోపలి గది వైపు తిరిగాడు.

"బాపూ," అన్నాడు. అన్నానికి పిలిచేటప్పుడు ఎంత గొంతు అవసరమో అంతే గొంతుతో.

ఎవరూ పలకలేదు. పుష్పమ్మ తినడం ఆపి కూర్చుంది.

మళ్ళీ పిలిచాడు.